గేటు ముందు చప్పట్లు

తోరిబియో అంతిలెఫ్ ఎవరి గేటు ముందైనా ఆగి చప్పట్లు కొడతాడు. లోపల్నించి ఎవరో ఒకరు వచ్చి "రా" అనేదాకా అడుగు ముందుకి వెయ్యడు. ఈ ఒక్క అలవాటుతో మా ఊరు మొత్తానికి ఒక సరస్సు లేకుండా చేశాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని మంచివాడంటారు. నేనూ అంటాను, పళ్ళు నూరుకుంటూ.

మా వైపు ఇళ్ళు గేటుకి దూరంగా ఉంటాయి. కుక్కలుంటాయి. గాలి హోరులో కేక వేస్తే వినపడదు, చప్పట్లయితే వినపడతాయి. అందుకని వచ్చినవాడు బయటే నిలబడి అరచేతులు గట్టిగా చరుస్తాడు. బదులు రాకపోతే కాసేపాగి మళ్ళీ చరుస్తాడు. అప్పటికీ ఎవరూ రాకపోతే వెనక్కి పోతాడు. పొగగొట్టంలోంచి పొగ వస్తున్నా, కిటికీలో తల కనిపిస్తున్నా, పిలవనిదే లోపలికి పోకూడదు. ఇది ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలిసిన మర్యాదే. మా వయసు వాళ్ళం ఫోన్ చేస్తాం, లేదా హారన్ కొడతాం. పెద్దవాళ్ళలో కూడా చాలామంది మానేశారు. తోరిబియో మామ మానలేదు. సొంత చెల్లెలి ఇంటి ముందు కొడతాడు. చర్చి ముందు కొడితే ఫాదర్ బయటికొచ్చి, "ప్రభువు ఇంట్లోనే ఉన్నాడు, రావయ్యా," అన్నాడట. నేను పనిచేసే సూపర్ మార్కెట్‌కి కొత్త తలుపులు పెట్టారు, మనిషి ముందు నిలబడితే వాటంతటవే తెరుచుకుంటాయి. మామ వాటి ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు. తలుపులు తెరుచుకున్నాయి. టోపీ తీసి, "థాంక్స్," అని లోపలికొచ్చాడు. అప్పట్నించీ మా క్యాషియర్లు ఆయన్ని చూస్తే చప్పట్లు కొడతారు.

మామ భార్య ఇర్మా అత్త చెప్పే కథ ఇంకోటుంది. "మా నాన్నకి చెవుడు. ఈయన ప్రతి ఆదివారం వచ్చి గేటు దగ్గర చప్పట్లు కొట్టి, ఎవరూ రాకపోతే వెళ్ళిపోయేవాడు. వేసవంతా అదే పని. ఎండాకాలం అయిపోతోంది, వీడు ఇలాగే ముసలాడై పోతాడని నేనే సిగ్గు విడిచి బయటికొచ్చాను," అంటుంది. "రాకపోయినా బాగుండేది," అని చివర్లో కలుపుతుంది. మామ గొట్టంతో మాతే ఆకు టీ తాగుతూ వింటాడు. గొట్టం నోట్లోంచి తియ్యడు.

ఆయన రోడ్ల శాఖలో కూలీగా చేసి రిటైరయ్యాడు. పార పట్టి పట్టి వేళ్ళు ముడుచుకుపోయాయి, ఇప్పుడు పూర్తిగా చాపలేడు. ఆ చేతులతోనే డబ్బాతో చేపలు పడతాడు. డబ్బా అంటే పీచ్ పళ్ళ ఖాళీ డబ్బానే. దాని చుట్టూ గాలపు దారం చుట్టుకుని, చివర మెరిసే రేకు గాలం కట్టి, తలచుట్టూ గిరగిరా తిప్పి వదులుతాడు. దారం డబ్బా అంచు మీంచి జారుతూ నీళ్ళలోకి పోతుంది. మా ఊళ్ళో గాలపు కర్ర కొనలేని వాళ్ళంతా అలాగే పడతారు. వారమంతా బతకడం ఆదివారం కోసమే అన్నట్టుంటాడు మామ. ఆ ఆదివారం కయాదో సరస్సు దగ్గర గడవాలి, ఇంకెక్కడా కుదరదు. ఊరి పక్కనే వాగుంది, అందులోనూ ట్రౌట్ చేప ఉంది. "ఆ నీళ్ళు వేరు," అంటాడు. అంతకన్నా ఒక్క ముక్క చెప్పడు.

ఒక మాట ముందే చెప్పాలి. నాకు చేపంటే పడదు. వాసనకే కడుపులో తిప్పుతుంది. ఈ గొడవలోకి నేను దిగింది తిండి కోసం కాదు.

కయాదో సరస్సుకి వెళ్ళాలంటే పెద్ద రోడ్డు మీంచి ఎల్ రెపోసో ఎస్టేట్ గేటు దాటి, అడవిలో గంటసేపు నడవాలి. పాత యజమానుల కాలంలో గేటు పక్క గుడిసెలో సెగుందో అనే కాపలాదారు ఉండేవాడు. మామ చప్పట్లు కొట్టేవాడు. సెగుందో చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చేవాడు.

"ఏంట్రా తోరిబియో, ఇంకా చావలేదా?"

"నిన్ను పాతిపెట్టాక చూద్దాం."

"రా, రా లోపలికి."

ఇద్దరూ మాతే తాగేవాళ్ళు, మామ వెళ్ళి సాయంత్రం దాకా డబ్బా తిప్పుకునేవాడు. వచ్చేటప్పుడు పట్టిన వాటిలో మొదటి చేప సెగుందో గుమ్మానికి తగిలించి పోయేవాడు. ఊళ్ళో అందరం ఆ దారినే వెళ్ళేవాళ్ళం. అది దారి అని ఎవరూ అనుకోలేదు, గాలిని గాలి అని ఎవరైనా అనుకుంటారా?

తర్వాత ఎస్టేట్ చేతులు మారింది. కొత్త యజమాని ఏ దేశంవాడో, అసలు మనిషో కంపెనీయో ఇప్పటికీ మాకు తెలీదు. సెగుందోని పంపేశారు. గేటుకి గొలుసు, గొలుసుకి తాళం, తాళం పైన బోర్డు పడ్డాయి. సరస్సు ఒడ్డున చెక్క బంగళా లేచింది. అందులో దిగేవాళ్ళు విమానాల్లో వస్తారు. చంకల దాకా రబ్బరు తొడుక్కుని, ఈకతో చేసిన దొంగ ఈగను నీళ్ళ మీద ఆడించి, చేపను పట్టి, ఫొటో తీసుకుని, ముద్దు పెట్టి వదిలేస్తారు. చేపకి గాయం, వాళ్ళకి పుణ్యం.

బోర్డు పడ్డ ఆదివారం కూడా మామ వెళ్ళి చప్పట్లు కొట్టాడు. గుడిసెలోంచి రేడియో పట్టుకున్న కొత్త గార్డు వచ్చాడు, రాజధాని నుంచి తెచ్చిన మనిషి.

"ఎవరికి తాతా చప్పట్లు? ఇక్కడ సర్కస్ ఏం లేదే."

"సరస్సుకి వెళ్ళాలి నాయనా."

"వెళ్ళడానికి లేదు."

"సరే," అన్నాడట మామ. టోపీ పెట్టుకుని వెనక్కొచ్చేశాడు. సరేనట! ఆ మాట విన్న రోజే నాకు ఒళ్ళు మండింది. లైబ్రరీకి పోయి చట్టం పుస్తకం తెచ్చి, పని అయ్యాక కూర్చుని చదివాను. సరస్సులో నీళ్ళు జనానివి అని అందులో నల్లటి అక్షరాల్లో ఉంది. కానీ నీళ్ళ దాకా వెళ్ళే నేల ఎస్టేటుది. అంటే సరస్సు మాదే, మా దగ్గర హెలికాప్టర్ ఉంటే.

సంఘం పెట్టాం. మరీసా అనే లాయరు ఫీజు లేకుండా ఒప్పుకుంది. క్లబ్బులో పాత బల్లల మీద మమ్మల్ని కూర్చోబెట్టి చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. "కేసంతా ఒక్క మాట మీద నిలబడింది. మీరు ఆ దారిన హక్కుతో నడిచారా, దయతో నడిచారా? హక్కుతో నడిచి ఉంటే దాన్ని ఎవరూ ముయ్యలేరు. ఎస్టేట్ వాళ్ళు దయతలచి పోనిచ్చి ఉంటే, ఆ దయ ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. అందరికన్నా ముందునించీ నడిచిందెవరు?"

అందరి తలలూ తోరిబియో మామ వైపు తిరిగాయి. ఆయన వెనక బల్ల మీద వేయించిన రొట్టె నములుతున్నాడు.

నాకు ఆ చప్పట్లు గుర్తొచ్చాయి.

ఆ వారమంతా నాకు అదే పని. ఆయన వంటింట్లో కూర్చుని చిలక్కి నేర్పినట్టు నేర్పాను.

"మామా, జడ్జి అడిగితే ఏం చెప్తావ్?"

"చిన్నప్పట్నించీ వెళ్తున్నానని."

"భేష్. గేటు దగ్గర ఏం చేసేవాడివి?"

"చప్పట్లు కొట్టి..."

"చప్పట్లు లేవు! గేటు తీసుకుని నడిచేవాణ్ణి. అంతే."

"అబద్ధం చెప్పమంటావుట్రా ఎలియో?"

"అబద్ధం వద్దు. అడక్కపోతే చెప్పొద్దు. అడిగిన దానికే జవాబు చెప్పు. అడగనిది నీ కడుపులోనే ఉంచు. అర్థమైందా?"

"అర్థమైంది. అడక్కపోతే చెప్పకూడదు."

"ఈయనకి నేర్పడం కన్నా మా నాన్నకి వినిపించడం తేలిక," అని పొయ్యి దగ్గర్నించి ఇర్మా అత్త.

కోర్టులో మాత్రం అద్భుతంగా చేశాడు. అడిగినంత వరకే చెప్పాడు. చిన్నప్పట్నించీ వెళ్తున్నాను, మా వాళ్ళంతా వెళ్ళేవాళ్ళు, ఎవరూ ఆపలేదు. ఎస్టేట్ లాయరు, మెడలో పట్టు స్కార్ఫ్ కట్టుకున్నాయన, ఎన్ని మెలికలు పెట్టినా చప్పట్ల ఊసు రాలేదు. రాజధానిలో పెరిగినవాడికి చప్పట్ల సంగతి ఏం తెలుస్తుంది? బయటికొచ్చాక మరీసా నా చెయ్యి పట్టుకుని ఊపింది. గెలిచినట్టే అనుకున్నాను.

జడ్జి ఒకసారి దారిని కళ్ళారా చూస్తానన్నాడు.

ఆ రోజు గాలి ఎలా వీచిందంటే గుమాస్తా చేతిలోని కాగితాలు రెండుసార్లు కంచె దాకా ఎగిరిపోయాయి. జడ్జి టౌను బూట్లతో వచ్చాడు. సగం ఊరు వచ్చింది. సెగుందో కూడా వచ్చాడు, మా తరఫునే, పాత కోటు వేసుకుని. ఎస్టేట్ వాళ్ళు తాళం తీసి గేటు బార్లా తెరిచిపెట్టారు. మేము రాక్షసులం కాము అని చూపించుకోవడానికి అయి ఉంటుంది. నాకది ఇంకా మంచిదనిపించింది. తెరిచిన గేటు ముందు ఎవడు చప్పట్లు కొడతాడు?

జడ్జి అన్నాడు, "అంతిలెఫ్ గారూ, మీరు ముందు నడవండి. మామూలుగా ఎలా వెళ్ళేవారో అలాగే. మేం వెనకాల వస్తాం."

మామూలుగా ఎలా వెళ్ళేవారో అలాగే! ఆ మాట విన్నప్పుడే నేను పరిగెత్తుకెళ్ళి ఆయన చేతులు కట్టేయాల్సింది.

మామ డబ్బా సంచి భుజాన వేసుకుని గేటు స్తంభం దాకా వెళ్ళాడు. ఆగాడు. టోపీ తీశాడు. గుడిసె వైపు తిరిగి ఆ వంకర వేళ్ళ చేతులతో చప్పట్లు కొట్టాడు. గాలిలో కూడా పిడకలు చరిచినట్టు గట్టిగా వినపడ్డాయి.

అప్పటికి ఇంకా దిద్దుకోవచ్చేమో, ముసలాయన చలికి చేతులు రుద్దుకున్నాడని చెప్పొచ్చేమో అని వెతుక్కుంటున్నాను. అప్పుడు నా వెనకనుంచి, గుంపులోంచి, గొంతు ఒకటి లేచింది.

"ఏంట్రా తోరిబియో, ఇంకా చావలేదా? రా, రా లోపలికి!"

సెగుందో! మా తరఫున వచ్చిన సెగుందో. చప్పట్లు వినపడగానే నోరు దానంతటదే తెరుచుకుంది, మా సూపర్ మార్కెట్ తలుపుల్లాగా. అన్నాక గానీ తెలీలేదు ఏమన్నాడో. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

స్కార్ఫ్ లాయరు ఏమీ వాదించలేదు. గుమాస్తా వైపు తిరిగి, "రాసుకున్నారా?" అన్నాడు, అంతే.

జడ్జి మామని దగ్గరికి పిలిచాడు. "చప్పట్లు ఎందుకు కొట్టారు?"

"ఎవరో ఒకరు బయటికి రావాలి కదండీ."

"వచ్చి?"

"రమ్మనాలి కదా."

"రాకపోతే?"

"వెనక్కి వెళ్ళిపోతాను."

"ఎప్పుడైనా అలా వెళ్ళిపోయారా?"

"చాలాసార్లండి. సెగుందో తాగి పడుకుంటే లేచేవాడు కాదు."

జనం నవ్వారు. జడ్జి కూడా నవ్వాడు. సెగుందో, "అది ఎప్పుడో ఒకసారి!" అని అరిచాడు. మరీసా ఒక్కర్తే నవ్వలేదు. తలకి చున్నీ చుట్టుకుని గాలికి వీపు పెట్టి నిలబడింది. అడగనిది చెప్పొద్దన్నాను కదా. చెప్పలేదు మామ. అడిగారు, చెప్పాడు. ఏ దిక్కునించీ తప్పు పట్టడానికి లేదు. అదే నాకు ఇంకా మంట.

ఇంటికి తీసుకొస్తూ దారి పొడుగునా తిట్టాను. "నీ మర్యాద తగలెయ్య! గేటు తెరిచే ఉంది కదా మామా! నీ కోసం బార్లా తెరిచిపెట్టారు కదా! ఎవణ్ణి అడుగుతున్నావ్ పర్మిషన్? నీది నువ్వు తీసుకోవడానికి దొంగని అడుగుతావా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఇంటి ముందు బండి ఆపాక నోరు విప్పాడు.

"మా అమ్మ పొయ్యి ఆ ఒడ్డునే ఉండేదిరా."

"ఏ ఒడ్డున?"

"కయాదో ఒడ్డున. నేను పుట్టింది అక్కడే. అప్పుడు గేటు లేదు, తడికె ఉండేది. ఈ నేల మాదని కాగితం పట్టుకుని ఎస్టేట్ వాళ్ళు గుర్రాల మీద వచ్చారు. తడికె ముందు ఆగలేదు. గుర్రం దిగలేదు. అమ్మ రొట్టెలు వేయిస్తోంది, మూకుడు తన్నేశారు. నూనె మంటల్లో పడి పూరిల్లు అంటుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను వాళ్ళలాగా లోపలికి పోలేనురా."

నేను స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను. "మామా! ఆ మాట కోర్టులో చెప్పొచ్చు కదా! నువ్వు అక్కడ పుట్టావని, కంచె కన్నా ముందునించీ మీ వాళ్ళు అక్కడున్నారని. ఆ ఒక్క మాటతో కేసు తిరిగిపోయేది కదా!"

"ఎవరూ అడగలేదు," అన్నాడు. "నువ్వే చెప్పావుగా, అడక్కపోతే చెప్పొద్దని."

మరీసాని అడిగితే సాక్ష్యాల గడువు ముగిసిపోయిందంది. తీర్పు శీతాకాలం మధ్యలో వచ్చింది. చాలా మర్యాదైన తీర్పు. ఊరివారు ఆ దారిని ఎల్లప్పుడూ యజమానుల సౌజన్యంతో వాడుకున్నారనీ, ఇకపైన కూడా అనుమతి కోరవచ్చనీ రాశాడు. కోరవచ్చట. మామ ఆదివారాలు కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చోవడం మొదలుపెట్టాడు. డబ్బా మీది దారం విప్పడం, చుట్టడం, మళ్ళీ విప్పడం. ఇర్మా అత్త తిట్టడం మానేసింది. ఆమె తిట్టడం మానేస్తే భయపడాల్సిందే. ఒకరోజు మా సూపర్ మార్కెట్‌కి వచ్చి, "ఒరే, ఈయన ఈసారి వేసవి చూసేలా లేడు. ఏదో ఒకటి చెయ్యి, పుస్తకాలు చదువుతావు కదా," అంది.

పుస్తకంలో ఇంకో దారి ఉంది. సరస్సులోంచి వచ్చే నది పెద్ద రోడ్డు వంతెన కింద నించి పోతుంది. నది కూడా జనానిదే, అడుగున ఉన్న రాళ్ళతో సహా. వంతెన దగ్గర నీళ్ళలో దిగి, ఒడ్డెక్కకుండా నీళ్ళలోనే ఎదురు నడుచుకుంటూ పోతే సరస్సు వస్తుంది. తీర్పు దాన్ని ముట్టుకోలేదు. మరీసా కూడా అవునంది. "కానీ ఆ నీళ్ళలో నడుస్తారా ఎవరైనా?" అంది. మంచు కరిగిన నీళ్ళు.

చేపల సీజన్ మొదలైన ఆదివారం మామని వంతెన దగ్గరికి తీసుకెళ్ళాను. దారిలోనే అన్నీ చెప్పాను. ఇది హక్కు. గేటు లేదు. గుడిసె లేదు. మనిషి లేడు. చప్పట్లతో పని లేదు. "సరే," అన్నాడు. రబ్బరు బూట్లు తొడుక్కుని, డబ్బా సంచి వీపుకి కట్టుకుని నా భుజం పట్టుకుని దిగాడు. మొదటి మలుపుకే బూట్లలోకి నీళ్ళొచ్చాయి. కాళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. రాళ్ళు జారుతున్నాయి. రెండుసార్లు నేను పడ్డాను. ముసలాయన పడలేదు, నన్నే లేపాడు, "చూసుకుని నడువు," అని సలహా కూడా ఇచ్చాడు.

ఒక వంపు తిరిగేసరికి ఎస్టేట్ కంచె తీగ నది మీదుగా ఈ ఒడ్డు నించి ఆ ఒడ్డుకి లాగి ఉంది. నీటికి మూరెడు పైన, తుప్పు పట్టి. అక్కడ కట్టడానికి వాళ్ళకి హక్కే లేదు. వంగి దూరితే అయిపోయేది.

మామ ఆగాడు.

"వద్దు మామా," అన్నాను.

టోపీ తీశాడు.

"మామా, నీ కాళ్ళు పట్టుకుంటా."

చప్పట్లు కొట్టాడు. మోకాళ్ళ పైదాకా మంచునీళ్ళలో నిలబడి, తీగ ముందు, అడవికేసి చూస్తూ. నది హోరులో నాకే సరిగ్గా వినపడలేదు. ఆగి చూశాడు. ఒక పిట్ట లేచి పోయింది.

"ఇక్కడ ఎవడూ లేడు! నువ్వూ నేనూ నీళ్ళూ, అంతే!"

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఆగాడు. పెదాలు నీలంగా అయ్యాయి. తర్వాత టోపీ నెత్తిన పెట్టుకుని, చాలా మామూలుగా, "ఎవరూ లేనట్టున్నారు. పోదాం పద," అని వంతెన వైపు తిరిగాడు. నిజంగానే తిరిగాడు. ఇంత దూరం వచ్చి, ఇంత చచ్చి, సరస్సు ఆ మలుపు అవతల ఉండగా. ఈసారి వెళ్ళిపోతే మళ్ళీ రాడని ఆయన వీపు చూస్తేనే తెలిసిపోతోంది.

నాకు ఏడుపో కోపమో తెలీదు, పళ్ళు కొట్టుకుంటున్నాయి. తీగ కింద నించి దూరి అవతలికి పోయి, నీళ్ళలో నిలబడి, ఊపిరితిత్తుల్లో ఉన్నదంతా పెట్టి అరిచాను.

"ఏంటి తోరిబియో మామా, ఇంకా చావలేదా? రా! రా లోపలికి!"

ఆయన వెనక్కి తిరిగి నన్ను కిందినించి పైదాకా చూశాడు.

"ఇది నీదా?"

"నాదే! రా ఇంక, గడ్డకట్టి చస్తున్నా!"

కాసేపు ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు, అక్కడ, ఆ నీళ్ళలో. తర్వాత టోపీ తీసి, "థాంక్స్ నాయనా," అని, ఒక చేత్తో తీగ పైకెత్తి, వంగి లోపలికి వచ్చాడు.

సాయంత్రం దాకా డబ్బా తిప్పాడు. అవతలి ఒడ్డున ఇద్దరు రబ్బరు మనుషులు ఈకలు ఆడిస్తూ మమ్మల్ని చూశారు, రేడియోలో ఎవరితోనో మాట్లాడారు, మేం నీళ్ళలోంచి ఒడ్డెక్కలేదు కాబట్టి ఏమీ చెయ్యలేకపోయారు. నాకు జలుబు ఆ రోజే పట్టింది, ఇంకా వదల్లేదు. ప్రతి ఆదివారం వెళ్తున్నాం. ప్రతి ఆదివారం ఆ తీగ ముందు ఆయన ఆగుతాడు, నేను ముందే అవతలికి దూరి నిలబడతాను. ఒకసారి ఇవతలే ఉండి "రా" అన్నాను, కుదరదట. లోపల ఉన్నవాడే పిలవాలట.

తిరిగి వచ్చేటప్పుడు తీగ దగ్గర ఆగి, పట్టిన వాటిలో మొదటి చేప తీసి నా చేతికిస్తాడు. గేటు దగ్గర మనిషిది అది, తీసుకోకపోతే తప్పు. నాకు చేప పడదని ఆయనకి తెలుసు.